ఊరి దవాఖానలనే డిప్రెషన్ రాకుండా ఆపితే పెట్టిన పైసలు గిట్టుబాటు అయితయా?

పరకాల_బ్యాచ్ · ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్తే. మాది పరకాల దిక్కు ఒక ఊరు. 2003 పదో తరగతి బ్యాచ్‌వోళ్లం కలిసి ఊరి కోసం 4 లక్షల 30 వేలు జమ చేసినం. సగం దుబాయ్, మస్కట్ నుంచి వచ్చినయి. మిగతాది ఇక్కడి టీచర్లు, కానిస్టేబుళ్లు, పత్తి వ్యాపారం చేసేటోళ్లు ఇచ్చిన్రు. మొదలు ఆర్వో ప్లాంటు అన్నరు. ఊళ్లె ఇప్పటికే రెండున్నయి, అండ్ల ఒకటి మూలకు పడ్డది. తర్వాత పల్లె దవాఖానకు ఈసీజీ మిషను అన్నరు.

నిన్నటి మీటింగుల మా దోస్తు ఒకడు (హనుమకొండల ల్యాబ్ నడుపుతడు) కొత్త మాట తెచ్చిండు. ఒక మనిషికి జీతమిచ్చి పెట్టి, మనసు బాగలేనోళ్లతోని ముందుగాలనే మాట్లాడిస్తే డిప్రెషన్ దాకా పోకుండా ఆపొచ్చు, ఈసీజీ కన్న అదే అగ్వ అన్నడు. సగం మంది నవ్విన్రు, సగం మంది సప్పుడు చెయ్యలేదు. పైసలు ఇచ్చినోళ్లకు లెక్క చెప్పాలె. జబ్బు వచ్చినంక మందులియ్యడం వేరు, రాకముందే ఆపడం వేరు. రెండో దానికి ఖర్చెంత, ఫలితమెంత అని ఎక్కడన్నా ఎవరన్నా లెక్క తీసిన్రా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట_జంక్షన్ · ఆదివారం రాత్రి 9:31

ఈసీజీ పెట్టుండ్రి అన్నా. మిషనైతే కనవడ్తది, మీద బ్యాచ్ పేరు రాసుకోవచ్చు. మాటలు చెప్పేటోళ్లకు జీతమిచ్చుడేంది?

గుట్టకింద · ఆదివారం రాత్రి 9:40

మిషను పెట్టినంక పేపరు రోలు ఎవరు కొంటరు, తీసిన ఈసీజీ ఎవరు చదువుతరు, అదన్న అడిగిన్రా?

పీజీ_సైకియాట్రీ · ఆదివారం రాత్రి 10:22

మంచి ప్రశ్న. లెక్కలు తీశారు, కానీ ఒక్కో దేశంలో ఒక్కో రకంగా వచ్చాయి.

"రాకముందే ఆపడం, అదీ ప్రాథమిక వైద్యంలోనే" అని పెద్ద ఎత్తున పరీక్షించింది స్పెయిన్. ఏడు నగరాల్లో 70 ఆరోగ్య కేంద్రాలు, 140 మంది ఫ్యామిలీ డాక్టర్లు, అప్పటికి డిప్రెషన్ లేని 3,326 మంది. సగం కేంద్రాల్లో డాక్టర్లకు 10 నుంచి 15 గంటల శిక్షణ ఇచ్చారు. వాళ్లు ప్రతి మనిషికీ "నీకు డిప్రెషన్ వచ్చే ముప్పు ఇంత ఉంది, కారణాలు ఇవి" అని చెప్పి, ఇద్దరూ కూర్చుని ఏం చేయాలో రాసుకున్నారు. ఆరు నెలలకోసారి మళ్లీ కలిశారు. 18 నెలలకు చూస్తే మామూలు వైద్యం అందిన వాళ్లలో 9.40 శాతం మందికి డిప్రెషన్ వచ్చింది, ఈ పద్ధతిలో 7.39 శాతం మందికి. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. తేడా ఉంది గానీ కాకతాళీయం కాదని గట్టిగా చెప్పడానికి కొద్దిగా తక్కువ పడింది. ఖర్చుల లెక్క తర్వాత విడిగా వేశారు. అందులో ఇది డబ్బుకు తగ్గ పనే అని తేలింది, ఎందుకంటే మనిషికి పడే ఖర్చు చాలా తక్కువ. ఉన్న డాక్టరే, కొన్ని నిమిషాలు ఎక్కువ.

రెండోది నెదర్లాండ్స్. 75 ఏళ్లు దాటి, కొద్దిపాటి దిగులు లక్షణాలున్న 170 మంది. మెట్టు మెట్టుగా చేశారు. మూడు నెలలు గమనించడం, తగ్గకపోతే ఇంట్లో చదువుకుని చేసుకునే పుస్తకం, అప్పటికీ తగ్గకపోతే ఒక నర్సు దగ్గర సమస్య పరిష్కారం నేర్చుకోవడం, చివరికి డాక్టరు. ఏడాదిలో డిప్రెషన్ గానీ ఆందోళన జబ్బు గానీ వచ్చిన వాళ్లు 24 శాతం నుంచి 12కి తగ్గారు. ఒక మనిషి ఆ జబ్బులు లేకుండా గడిపిన ఏడాదికి అదనంగా పడిన ఖర్చు 4,367 యూరోలు. వాళ్లకు అది చవకే.

మూడోది మన దేశంలోనే జరిగింది, గోవాలో. అది మీకు అన్నిటికన్నా దగ్గర. రేపు రాస్తాను, వార్డుకు పోవాలి.

కాజీపేట_జంక్షన్ · ఆదివారం రాత్రి 10:30

యూరోల లెక్క మనకెందుకు సార్? అక్కడ చలికి బయటికి రాక దిగులు పడ్తరు. ఇక్కడ అప్పు, వాన.

ఆశక్క_ములుగు · సోమవారం పొద్దున 6:05

నేను ఆశ వర్కర్‌ని. ఒక సంగతి చెప్త. ముప్పై ఏండ్లు దాటినోళ్లందరికి మేం ఒక ఫారం నింపుతం. బీడీ, మందు తాగుతరా, నడుము చుట్టుకొలత ఎంత, దగ్గు ఉన్నదా అని అన్నీ ఉంటయి. దాని ఆఖర్ల మనసు గురించి రెండు ప్రశ్నలుంటయి. పోయిన రెండు వారాల్ల ఏ పని మీద మనసు పోతలేదా, దిగులుగ ఉంటున్నదా అని. దానికి మార్కులుంటయి. మూడు దాటితే పైకి పంపాలె.

నేను ఆ రెండు ప్రశ్నలు గోడ మీద కూసున్న ముసలవ్వను అడుగుతుంటే పక్కన కోడలుంటది, గడపల కొడుకుంటడు. "దిగులుగ ఉన్నదా అవ్వా" అంటే కోడలి దిక్కు చూసి "నాకేం దిగులు బిడ్డా, మంచిగున్న" అంటది. సున్నా రాసి పక్కింటికి పోత. అదే నేనొక్కదాన్నే వాకిట్ల కూసొని "అవ్వా, రాత్రి నిద్ర వడ్తున్నదా, బువ్వ సయిస్తున్నదా" అంటే అరగంట చెప్తది. అరగంట నాకేడిది? ఇంకా మస్తు ఇండ్లుంటయి. ఒకవేళ మూడు దాటినా ఎవరి దగ్గరికి పంపాలె, పోయినంక అక్కడ ఎవరు ఇంటరు? అది చెప్పేటోళ్లు లేకనే ఫారం నిండ సున్నాలు ఉంటయి.

మనిషిని పెడితె మంచిగనే ఉంటది. కని పెట్టినంక ఫారం నింపే పనికి పెట్టకుండ్రి.

పరకాల_బ్యాచ్ · సోమవారం పొద్దున 8:15

అక్కా, ఈ ముచ్చట మా మీటింగుల చదివి వినిపిస్త.

లెక్కల_సార్ · సోమవారం మధ్యాహ్నం 1:20

నేను రిటైర్డ్ లెక్కల టీచర్ని, మాది జనగామ. డాక్టర్ గారు ఇచ్చిన స్పెయిన్ అంకెలు ఇట్ల చూడండి. 9.40లోంచి 7.39 తీస్తే 2.01. వంద మందితో పని చేస్తే ఇద్దరికి జబ్బు తప్పింది. అంటే ఒక్కరికి తప్పించడానికి దాదాపు యాభై మందితో పని చేయాలి. నెదర్లాండ్స్‌ల తేడా 12, అంటే ఎనిమిది తొమ్మిది మందికి ఒకరు.

అంత తేడా ఎందుకొచ్చింది? స్పెయిన్‌ల దవాఖానకు వచ్చినోళ్లను అన్ని రకాలోళ్లను తీసుకున్నరు. నెదర్లాండ్స్‌ల వయసు మళ్లి, అప్పటికే లక్షణాలు మొదలైనోళ్లను ఏరుకున్నరు. మనిషికి ఎంత ఖర్చయింది అన్నది సగం లెక్కే. ఎవరిని ఏరుకున్నం అన్నది మిగతా సగం. మీ నాలుగు లక్షలను ఊరందరికీ పంచితే స్పెయిన్ లెక్క, ఏరుకుంటే రెండో లెక్క.

డాక్టర్ గారు గోవా అంకెలు పెడితే నేను రూపాయల్లో వేసి చూపిస్త.

పీజీ_సైకియాట్రీ · సోమవారం సాయంత్రం 7:48

సార్ సరిగ్గా పట్టుకున్నారు. గోవా సంగతి ఇదీ.

60 ఏళ్లు దాటినవాళ్లు 181 మంది, ఊళ్లలోని, పట్టణాల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చేవాళ్లు. పూర్తి డిప్రెషన్ లేదు, కానీ లక్షణాలు కొన్ని ఉన్నాయి. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగం మంది దగ్గరికి కౌన్సెలర్లు వెళ్లారు. వాళ్లు డాక్టర్లూ కాదు, సైకాలజిస్టులూ కాదు. శిక్షణ తీసుకున్న మామూలు మనుషులు. ఏడాది తర్వాత మామూలు వైద్యం వాళ్లలో 90 మందికి 13 మంది, అంటే 14.44 శాతం, డిప్రెషన్‌లోకి వెళ్లారు. కౌన్సెలర్లు కలిసిన 91 మందిలో నలుగురు, 4.40 శాతం. 2019లో అచ్చయింది. బీపీ కూడా వీళ్లలో కొంత తగ్గింది.

కౌన్సెలర్లు చేసిన పని నాలుగు రకాలు. ఒకటి, ఉన్న సమస్యల్లో ఒకదాన్ని తీసుకుని దానికి దారి వెతకడం. రెండు, నిద్ర సరిచేయడం, అదీ మాత్రల్లేకుండా. పడుకునే వేళ, లేచే వేళ, పగటి కునుకు చూసుకుంటూ. మూడు, షుగర్ లాంటివి ఇంట్లో ఎలా చూసుకోవాలో చెప్పడం. నాలుగు, పింఛన్ లాంటి సర్కారు పథకాలు అందేలా సాయపడటం. "ధైర్యంగా ఉండండి" అని చెప్పి రావడం ఇందులో ఎక్కడా లేదు.

ఇక జాగ్రత్తలు. 181 మంది అంటే చిన్న పరీక్ష. నలుగురికీ పదముగ్గురికీ మధ్య తేడా, రేపు వెయ్యి మందితో చేస్తే ఇంతే ఉంటుందని నేను పందెం కాయను. పైగా అక్కడ కౌన్సెలర్ల పనిని పైనుంచి చూసేవాళ్లు ఉన్నారు. ఊళ్లో ఒక్క మనిషిని పెట్టి వదిలేస్తే మూడు నెలల్లో ఆ మనిషే దిగులు పడుతుంది.

మందుల_షాపు · సోమవారం రాత్రి 8:30

నర్సంపేట రోడ్డుల నాది మెడికల్ షాపు. ఎక్కువ తక్కువ రోజూ వచ్చే గిరాకి ఏందంటే: గ్యాస్ గోలీలు, ఒళ్లు నొప్పుల గోలీలు, బలం టానిక్కు, బీ కాంప్లెక్స్ సూది. "నిద్ర గోలి ఒకటి ఇయ్యి బిడ్డా" అని చీటి లేకుంట అడిగే అవ్వలు, తాతలు. చీటి లేకుంట ఇయ్యరాదు, నేనియ్య. కని ఇచ్చే దుకాండ్లు ఉన్నయి. వాళ్ల కవర్లు చూస్తే గుండె దడకు ఒకరి దగ్గర, కడుపుల మంటకు ఒకరి దగ్గర, తలనొప్పికి ఒకరి దగ్గర చూపించుకున్నట్టు ఉంటది. ఎవరి చీటిల గూడ మనసు మాట ఉండదు. లెక్క వేసేటప్పుడు ఇవి కూడ వెయ్యుండ్రి సార్.

లెక్కల_సార్ · సోమవారం రాత్రి 9:55

వేస్తున్న. ఇవి నా అంచనాలు, ఎవరి దగ్గర వేరే ధరలుంటే మార్చుకోండి.

ఇంటర్ చదివి, ఊళ్లె మంచి పేరున్న ఒక ఆడమనిషికి నెలకు 15,000 జీతం, ఏడాదికి 1,80,000. తిరిగే ఖర్చు నెలకు 1,500, ఏడాదికి 18,000. ఫోను, కాగితాలు 12,000. శిక్షణకు, నెలనెలా ఒక సైకాలజిస్టుతో కూర్చుని కేసులు చూసుకోవడానికి 50,000. మొత్తం 2,60,000. మీ డబ్బుతో ఏడాదిన్నర దాటి నడుస్తది.

ఒక ఆరోగ్య ఉపకేంద్రం కింద మైదానాల్లో సుమారు 5,000 మంది. అరవై దాటినోళ్లు పదో వంతు అనుకుంటే 500. అండ్ల లక్షణాలు మొదలైనోళ్లు, ఒంటరిగ ఉన్నోళ్లు, భార్యో భర్తో ఈ మధ్యనే పోయినోళ్లు, అట్లాంటి వంద మందిని ఏరుకున్నరు అనుకుందాం. మనిషికి 2,600.

గోవా లెక్కన పది మందికి ఒకరికి తప్పుతది: ఒక జబ్బు తప్పడానికి 26,000. గోవా ఫలితంల సగమే వస్తే 52,000. ఇదే ఖర్చుతో ఏరుకోకుండా అందరి దగ్గరికి పోతే, స్పెయిన్ ఫలితం వస్తది అనుకుంటే, 1,30,000. మనిషి ఆమే, జీతం అంతే. ఎవరి గడప ఎక్కుతది అన్న దాంతోనే ఖర్చు అయిదంతలు మారుతున్నది.

ఇప్పుడు ఎదురు ప్రశ్న. ఒక ఇంట్ల ఒక మనిషికి డిప్రెషన్ వస్తే ఆ ఇంటికి అయ్యే ఖర్చు 26,000 కన్న ఎక్కువనా, తక్కువనా?

దుబాయ్_జగిత్యాల · సోమవారం రాత్రి 11:40

సార్, మాది జగిత్యాల దిక్కు, బ్యాచ్ కాదు గని ఈ ప్రశ్నకు నేను చెప్త.

మా బాపు పోయినంక మా అవ్వ మెల్లమెల్లగ తినుడు తగ్గించింది. నేను ఇక్కడ, తమ్ముడు హైదరాబాద్. ఫోన్ల "మంచిగనే ఉన్న" అనేది. కడుపుల తిప్పుతుంది అంటే ఊళ్లె ఆర్‌ఎంపీ గ్లూకోజ్ బాటిల్ ఎక్కించిండు. తర్వాత ఇంకోటి. తర్వాత కరీంనగర్ల పెద్ద దవాఖాన, ఎండోస్కోపీ. ఏం లేదన్నరు. తల తిరుగుతుంది అంటే తలకు స్కానింగ్. ఏం లేదన్నరు. గుండె దడ అంటే టూడీ ఎకో. అదీ ఏం లేదే. ఒక్కో పరీక్ష "ఏం లేదు" అన్నప్పుడల్లా మాకు సంతోషం, ఆమెకు ఇంకింత బుగులు.

నేను సెలవు మీద వచ్చినప్పుడు ఆ ప్లాస్టిక్ కవర్ల ఉన్న బిల్లులన్ని మంచం మీద పరిచి కూడిన. 41 వేల చిల్లర. అండ్ల ఆటోలు, కార్లు లేవు. తోడుపోయిన మా చెల్లె కూలి పోయింది, అదీ లేదు. నా టికెట్ లేదు. ఆఖరికి ఒక పిల్ల డాక్టరమ్మ అవ్వ పక్కన కూసొని "ఎన్ని రోజులైంది పెద్దాయన పోయి" అని అడిగింది. అప్పుడు ఏడ్చింది అవ్వ. మందులు రాసిచ్చింది, నెలకు అన్ని పరీక్షల్ల ఒక్కదాని ఖర్చు గూడ గాదు. ఇప్పుడు మంచిగున్నది, బీడీలు చుట్టుకుంట ముచ్చట వెడ్తది.

సార్ లెక్కల 26 వేలు అన్నరు. మాకు అంతకన్న ఎక్కువనే అయింది. మాయి జగిత్యాల పైసలు గని, మీ బ్యాచ్‌కు నా దిక్కు నుంచి ఒక 20 వేలు.

కాజీపేట_జంక్షన్ · మంగళవారం పొద్దున 7:10

అన్నా, అవ్వ మంచిగున్నందుకు సంతోషం. నేనడిగేది ఒకటే. ఆమెకు జబ్బు వచ్చింది, మందు దొరికింది, తగ్గింది. ఇది ముందే ఆపుడు కాదుగదా, తొందరగ గుర్తువట్టుడు. రెండిట్ల ఏది చేద్దామంటున్నరు?

ఓరుగల్లు_సిస్టర్ · మంగళవారం మధ్యాహ్నం 3:00

కాజీపేట అన్న అడిగింది న్యాయమైన మాట. నేను స్టాఫ్ నర్సును, పీహెచ్‌సీల (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంల) పని చేసిన. నా మాట కూడ అదే దిక్కు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16ల చేసిన్రు, బెంగళూరుల మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు. 12 రాష్ట్రాల్ల చేసిన్రు, మన తెలంగాణ అండ్ల లేదు. కని వచ్చిన సంగతి మనకు కొత్తది కాదు. డిప్రెషన్, ఆందోళన లాంటి మామూలు మానసిక జబ్బులున్నోళ్లల్ల నూటికి 85 మంది దాక వైద్యమే అందలేదు. వచ్చినోళ్లకే దిక్కు లేనప్పుడు రానోళ్ల ఎంబడి తిరుగుడేంది? ముందు వీళ్లను చూడుండ్రి.

గోవాలనే ఇంకో పరీక్ష ఉన్నది, పది పీహెచ్‌సీలల్ల. డిప్రెషన్ గట్టిగ ఉన్నోళ్లకే మామూలు కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది సార్లు కలిసి, మానేసిన పనులు ఒక్కొక్కటిగ మళ్ల మొదలు పెట్టించిన్రు. 2017ల వచ్చింది. మామూలు వైద్యం కన్న మంచిగ పని చేసింది, ఖర్చు గూడ తగ్గట్టే ఉన్నది. జబ్బున్నోళ్లకు పెట్టిన పైసల ఫలితం కండ్లకు కనవడ్తది. రాకుండా ఆపినోళ్లు ఎవరో ఎవరికీ తెల్వదు.

పీజీ_సైకియాట్రీ · మంగళవారం రాత్రి 8:15

సిస్టర్ చెప్పిన అంకెలు సరైనవే. కానీ ఊళ్లో ఈ రెండు పనులూ విడిగా ఉండవు. అరవై దాటిన వంద మందిని కలవడానికి ఒక మనిషి బయలుదేరితే మొదటి వారంలోనే ఇప్పటికే పూర్తి డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు పది పదిహేను మంది కనిపిస్తారు. వాళ్లను "మీరు మా పరీక్షలోకి రారు" అని వదిలి రాలేం కదా. తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, పీహెచ్‌క్యూ-9 అంటారు. మార్కులు సున్నా నుంచి 27. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరు చూడాలి. పది కన్నా తక్కువ ఉండి, ఏదో ఉందనిపిస్తే కౌన్సెలరు చూడాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచన గురించి. దానికి సున్నా కాకుండా ఏ మార్కు వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

అందుకే ఎవరినైనా పెట్టేముందు పైకి దారి సిద్ధం చేసుకోండి. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ ఒప్పుకోవాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్లకు చెప్పాలి. వరంగల్ ఎంజీఎం దవాఖానలో సైకియాట్రీ ఓపీ ఉంది. రాత్రి పగలు ఎప్పుడైనా టెలీ మానస్ అనే సర్కారు మానసిక సాయం నంబరు 14416కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. 2022 అక్టోబర్ 10న మొదలైంది.

ఈ చర్చ చదువుతున్న వాళ్లలో ఎవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే ఆ నంబరు మీ కోసమూ ఉంది.

హంటర్_రోడ్ · మంగళవారం రాత్రి 8:52

ఇంత చర్చ ఎందుకు? ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది: మానసిక ఆరోగ్యం మీద ఒక డాలర్ పెడితే నాలుగు డాలర్లు తిరిగొస్తాయని. ముందే ఆపడం లాభమే అని తేలిపోయింది.

పీజీ_సైకియాట్రీ · మంగళవారం రాత్రి 9:20

ఆ లెక్క 2016 నాటిది. 36 దేశాల్లో డిప్రెషన్, ఆందోళన జబ్బులకు చికిత్సను 2030 వరకు విస్తరిస్తే ఎంత ఖర్చు, ఎంత లాభం అని వేసింది. చికిత్స గురించి, నివారణ గురించి కాదు. ఆ నాలుగు డాలర్లలో తిరిగొచ్చే పనిదినాలతో పాటు, ఆరోగ్యంగా బతకడానికే ఒక విలువ కట్టి కలిపారు. పరకాల బ్యాచ్ పెట్టే రూపాయికి నాలుగు రూపాయలు ఎవరి జేబులోకీ రావు.

నివారణ మీద 32 పరీక్షలను కలిపి 2014లో చూస్తే కొత్తగా డిప్రెషన్ వచ్చేవాళ్లు సుమారు ఐదో వంతు తగ్గారు. నేను నమ్మే అంకె అదే. గోవాలో కనిపించినట్టు మూడింట రెండు వంతులు తగ్గుతుందని బ్యాచ్ వాళ్లకు చెప్పకండి. ఐదో వంతు అని చెప్పండి. అంతకన్నా ఎక్కువ వస్తే సంతోషిద్దాం.

లెక్కల_సార్ · మంగళవారం రాత్రి 10:05

అట్లయితే నా పట్టికల ఇంకో వరుస కలపాలి. ఏరుకున్న వంద మందిల ఏమీ చేయకపోతే 14 మందికి వస్తది అనుకుంటే, ఐదో వంతు తగ్గితే ముగ్గురికి తప్పుతది. 2,60,000 బై మూడు, దగ్గర దగ్గర 87,000. దుబాయ్ తమ్ముడి ఇంటి ఖర్చుకు రెండింతలు.

ఒక్క ఇంటి వైద్యం బిల్లులే చూస్తే ఈ వరుసల గిట్టుబాటు కాదు. నేను దాన్ని దాచిపెట్టను. గిట్టుబాటు కావాలంటే జబ్బు తప్పిన ముగ్గురినే కాదు, మిగతా 97 మందికి ఏం ఒరిగిందో కూడ చూడాలి. నిద్ర పట్టిందా, పింఛన్ మొదలైందా, బీపీ గోలీలు వేసుకుంటున్నరా, ఉత్త పుణ్యానికి స్కానింగులు తగ్గినయా. గోవావాళ్లు ఆ నాలుగు పనులు కలిపి చేసింది అందుకే కావచ్చు.

ఓరుగల్లు_సిస్టర్ · బుధవారం పొద్దున 6:40

సార్, ఈ 87 వేల వరుస చూసినంక నా మాట ఇంకింత గట్టి పడ్డది. జబ్బున్నోళ్లకు పెట్టుండ్రి.

లెక్కల_సార్ · బుధవారం పొద్దున 7:30

మెడికల్ ఆఫీసర్ ఒప్పుకుంటే ఆ మనిషే ఇద్దరినీ చూస్తది కదమ్మా. అప్పుడు ఆ 2,60,000 రెండు పనులకు పంచాలి, ఒక్కదాని నెత్తిన మొత్తం వేస్తే ఎట్ల?

భూపాలపల్లి_రైతు · బుధవారం పొద్దున 9:15

ముసలోళ్ల గురించే మాట్లాడుతున్నరు. 1997-98ల వరంగల్ జిల్లాల పత్తి పురుగు తిని పోతే ఎంతమంది పోయిన్రో మీకు యాదికున్నదా? ముసలోళ్లు కాదు, నడివయసు మగోళ్లు. వాళ్లు ఏ దవాఖానకు రారు. వాళ్లకు కౌన్సెలర్ ఏం జేస్తది? అప్పు మాఫీ చేస్తదా?

పీజీ_సైకియాట్రీ · బుధవారం మధ్యాహ్నం 2:10

చేయదు. రైతు ఆత్మహత్యలన్నీ డిప్రెషన్ ఖాతాలో రాయడం నాకూ ఇష్టం లేదు. అప్పు, నకిలీ విత్తనం, గిట్టుబాటు ధర డాక్టరు చీటీలో రాసేవి కావు. ప్రాణాలు కాపాడే లెక్కలో శ్రీలంక చేసింది చూడాలి. అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ పోయింది. 1995 తర్వాత ఇరవై ఏళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. దానికి కౌన్సెలర్లు అక్కర్లేదు, చట్టం కావాలి. మీ ఊరి స్థాయిలో చేయగలిగింది మందు డబ్బాలు పడుకునే ఇంట్లో ఉండకుండా చూడటం, అంతే.

నడివయసు మగవాళ్లు దవాఖానకు రారన్నది నిజం. ఈ పథకం వాళ్లను అందుకోలేదు. ఆ మాట కూడా బ్యాచ్‌కు చెప్పండి.

ఆశక్క_ములుగు · బుధవారం రాత్రి 9:00

ఆమెకు "మనసు డాక్టరమ్మ" అని పేరు పెట్టకుండ్రి. ఆ పేరు పెడితే ఎవరి వాకిట్లకూ రానియ్యరు, "మా ఇంట్ల పిచ్చోళ్లెవరు లేరు" అంటరు. మా దిక్కు ఒకామె పింఛన్ కాగితాలు రాసిపెడ్తది. ఆమె ఎటు పోయినా కుర్సి ఏస్తరు, చాయ్ పోస్తరు. ఆసరా పింఛన్ వస్తలేని ముసలోళ్లు మస్తుమంది. ఆధార్ల వయసు తప్పు వడ్డదని ఒకరికి, వేలిముద్ర వడ్తలేదని ఒకరికి. ముందు ఆ పని చెయ్యనియ్యుండ్రి. 2,016 రూపాయలు చేతిల వడ్డ నెల నుంచి కోడలు గూడ పిలిచి అన్నం పెడ్తది. ఎవరు నవ్వుకున్నా నేను చూసిన ముచ్చటే చెప్తున్న.

ఇంకోటి, బీపీ, షుగర్ గోలీలు పంచే దినం ముసలోళ్లంత ఒక్కకాడికి వస్తరు. ఆ దినం ఆమెను ఒక పక్కకు, చెట్టు కింద కూసోవెట్టుండ్రి. ఇంట్ల మాట్లాడనోళ్లు అక్కడ మాట్లాడుతరు.

కాజీపేట_జంక్షన్ · బుధవారం రాత్రి 9:22

ఇగో, ఇది సమజైంది నాకు. పింఛన్ పని చేసే మనిషికి జీతం అంటే నేను గూడ ఒప్పుకుంట. ఆమె మధ్యల నిద్ర గురించి అడిగితె అడగనియ్యి.

మందుల_షాపు · బుధవారం రాత్రి 9:50

జీతం 15 వేలు సరిపోదు సార్. మిర్చి ఏరే సీజన్ల కూలే బాగ వస్తది. మధ్యల విడిచిపెట్టి పోతది. ఫిబ్రవరి, మార్చిల చూసుకోండి.

లెక్కల_సార్ · బుధవారం రాత్రి 10:15

మంచి మాట. 17,000 చేస్తే ఏడాదికి 24,000 పెరుగుతది, మొత్తం 2,84,000. మధ్యల మనిషి మారితే శిక్షణ ఖర్చు మళ్ల మొదటికొస్తది, దానికన్న ఇదే నయం. దుబాయ్ తమ్ముడి 20,000 కలిపితే మీ దగ్గర 4,50,000. ఏడాదిన్నరకు 4,26,000 పోతది. మిగిలిన 24,000 చేతిల ఉంచుకోండి.

ఒక పని మాత్రం మొదటి రోజు నుంచే చేయాలి. ఏరుకున్న వంద మందికి మొదలు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి ఆ తొమ్మిది ప్రశ్నలు అడిగి రాసిపెట్టుకోవాలి. వెనుకటి మూడు నెలల్ల వైద్యానికి ఎంత ఖర్చు పెట్టిన్రో అదీ రాయాలి. పక్క ఉపకేంద్రంల ఒక యాభై మందికి, అక్కడ మన మనిషి పోకుండా, ఇదే అడిగితే పోల్చుకోవడానికి ఉంటది. అక్కడ ఎవరికన్నా పది, ఆ పైన వస్తే వాళ్లను మాత్రం డాక్టరు దగ్గరికి పంపాలి. ఈ పోలిక లేకపోతే ఏడాదిన్నర తర్వాత మళ్ల ఇదే చర్చల ఇదే ప్రశ్న అడుగుతరు.

పీజీ_సైకియాట్రీ · గురువారం పొద్దున 7:05

సార్ చెప్పినదానికి ఒక్క సవరణ. ఆ ప్రశ్నలు అడిగేది కౌన్సెలరు కాకూడదు. తాను కలిసిన వాళ్లు బాగుపడ్డారనే ఆమెకూ ఉంటుంది, ఆమె మొహం చూసి వాళ్లూ బాగున్నామనే అంటారు. నర్సింగ్ కాలేజీ పిల్లల్ని అడగండి. పేర్లతో ఉన్న కాగితాలు పంచాయతీ ఆఫీసులో పెట్టకండి. నెలకోసారి కేసులు చూడటానికి నేను ఫోన్‌లో వస్తాను, దానికి డబ్బులు వద్దు.

పరకాల_బ్యాచ్ · శనివారం రాత్రి 10:40

మీటింగ్ అయింది. రెండు గంటలు కొట్లాడినం. ముప్పై ఒక్క మందిల పందొమ్మిది మంది మనిషిని పెట్టుడుకు, తొమ్మిది మంది ఈసీజీకి, ముగ్గురు పైసలు వాపస్ అడిగిన్రు, ఇచ్చేసినం. వాపస్ పోయింది 26 వేలు. లెక్కల సార్, మీ చేతిల మిగిలే 24 వేలు అందులనే పోయినయి, ఇంక రెండు వేలు తక్కువ.

సార్ పట్టికల 87 వేల వరుస గూడ చదివి వినిపించిన. అది విన్నంకనే ఇద్దరు మా దిక్కు వచ్చిన్రు, ఎందుకో నాకు సమజ్ కాలే. ఓరుగల్లు సిస్టర్ మాట ప్రకారం జబ్బున్నోళ్లను గూడ చూడాలని రాసుకున్నం. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ మేడమ్‌ను కలిసినం, "రాతపూర్వకంగ ఇయ్యండి, పైకి అడుగుత" అన్నది. అది వచ్చేదాక మనిషిని పెట్టం.

ఆశక్కా, మీ పింఛన్ కాగితాల ఆమెతోని మా వాళ్లు ఇద్దరు మాట్లాడాలంటున్నరు. వచ్చే బుధవారం ములుగు రావచ్చునా?

ఆశక్క_ములుగు · ఆదివారం పొద్దున 5:50

బుధవారం టీకాలుంటయి, శనివారం గూడ అంతే, నాకు తీరది. సోమవారం రాండ్రి, పదకొండు దాటినంక. ఆమె పొద్దున మండలాఫీసుకు పోతది. వచ్చేటప్పుడు మీ ఊళ్లె పింఛన్ ఆగిపోయినోళ్ల ఆధార్ జిరాక్సులు ఒక నాలుగైదు పట్టుకరాండ్రి, ఎట్ల చేస్తదో అక్కడనే చూస్తరు.

పరకాల_బ్యాచ్ · ఆదివారం పొద్దున 6:30

సరే అక్కా, సోమవారం వస్తం. జిరాక్సులు పట్టుకొస్తం.